మోకాళ్ళ మీద మంద్రం

నూట ఎనభై పౌండ్లు.
అంతకు మించి ఒక్క పెన్నీ పెట్టనని
బాయిలర్ రిపేరు బిల్లు వెనకాల రాసి
ఫ్రిజ్‌కి అంటించాను, నాకే కనపడేలా.

స్టాక్‌పోర్ట్‌లో ఫిబ్రవరి. ఐదింటికే చీకటి.
మా ముందు గదికి సినిమా హాలని పేరు పెట్టి
హిమజ టికెట్లు కూడా చింపి ఇస్తోంది,
అన్నీ పాత కూరగాయల రసీదులు.
తెర ఉంది. మాటలు చెప్పే పెట్టెలున్నాయి.
ఏనుగు నడిచినప్పుడు మాత్రం
చేటలో ఎవరో బఠాణీలు పోసినట్టుంటుంది.

షాపులో కుర్రాడు వాట్లు పాడాడు.
ఐదొందలు, ఎనిమిదొందలు, వెయ్యి,
అచ్చం వేలంపాట.
వాట్లు పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం లాంటివి,
కోతలు పోగా ఇంటికొచ్చేదెంతో
ఎవరూ నోరు విప్పరు.
నేనడిగింది ఒకటే, ఎంత కిందికి దిగుతుందని.
నలభై హెర్ట్జ్ దగ్గరే కాళ్ళు తడుపుకుంటుందా,
పాతిక దాకా మునుగుతుందా?
బావి లోతు చూడాలి గానీ
గిలక మోతతో నాకేం పని?

గొట్టం ఉన్న పెట్టె ఆ డబ్బుకే ఎక్కువ ఊపుతుంది, నిజమే.
కానీ మీటింగు అయిపోయాక కూడా
తలాడిస్తూ కూర్చునే మా మేనేజరు గుర్తొచ్చాడు.
మూసిన పెట్టె చెప్పాల్సింది చెప్పి
ఆగుతుంది.
గది చిన్నది. గోడ అవతల మిసెస్ ఎంట్విసిల్.

మాకిల్స్‌ఫీల్డ్‌లో దొరికింది,
పియానోలకు శ్రుతి చేసి రిటైరైన మనిషి దగ్గర.
పన్నెండంగుళాలది, ఎనిమిదేళ్ళ వయసు,
పైన టీ కప్పు పెట్టిన తెల్లటి చుట్ట మరక.
కుండ బేరమాడేటప్పుడు చేసినట్టే
వేలి కణుపుతో పక్క చెక్క మీద కొట్టాను.
ఆయన నవ్వలేదు.
వంగి, అవతలి పక్క తాను కొట్టాడు.
ఇద్దరం కాసేపు విన్నాం.
బోలుతనం లేదు.
రెండొందలన్నవాడు నూట అరవై ఐదుకి దిగాడు, మరక పుణ్యమా అని.

ఇరవై మూడు కిలోలు.
వెనక సీట్లో బెల్టు పెట్టి తెచ్చాను.

"మూలన పడేయకు, ముందు పాకి చూడు," అన్నాడాయన.
అందుకని దాన్ని సోఫాలో నా చోట కూర్చోబెట్టి
నేను కింద కార్పెట్ మీద పాకాను.
నలభై ఆరేళ్ళ మోకాళ్ళు, నా వెనక హిమజ,
ఒకే గుంజీడు స్వరం పదే పదే.
టీవీ బల్ల కింద ఉరుము, ఊరికే ఉబ్బిన ఉరుము.
రేడియేటర్ పక్కన ఏమీ లేదు,
ధ్వని అద్దె కట్టలేక ఖాళీ చేసి పోయినట్టు.
జానెడు జరిగితే మళ్ళీ ఉంది!
ఒకే గదిలో ఇన్ని గదులున్నాయని
పదకొండేళ్ళుగా తుడుస్తూ కూడా తెలియలేదు నాకు.

చివరికి తలుపు వెనక, ఇస్త్రీ బల్ల నిలబెట్టే చోట,
ఇంట్లోకెల్లా వికారమైన చోట,
స్వరం గుండ్రంగా, బిగువుగా దొరికింది.
ఇస్త్రీ బల్ల మేడెక్కింది.

ఆ రాత్రి ఏనుగు నడిచింది.
గ్లాసులో నీళ్ళు ముడుచుకున్నాయి,
అరికాళ్ళు ముందు విన్నాయి, చెవులు తర్వాత.
గోడ మీద రెండు దెబ్బలు.
గబగబా మీట సగానికి తిప్పాను.
ఇప్పుడు పెట్టె ఉన్నట్టే లేదు.
హిమజ వెళ్ళి ఆపి చూసింది, మళ్ళీ బఠాణీలు.
పెట్టింది, ఏనుగు.
నూట అరవై ఐదు పౌండ్లూ ఆ తేడాలోనే ఉన్నాయి.

పొద్దున చెత్త డబ్బాల దగ్గర
మిసెస్ ఎంట్విసిల్ గౌను బిగించుకుంటూ అడిగింది,
రాత్రి వచ్చింది ఏనుగేనా అని.
తల దించుకుని ఔనన్నాను.
"మొదటిది మరీ బరువమ్మా," అంది.
"రెండోది బాగా నడిచింది."